పాత పోత ఇనుప ఫైర్‌ప్లేస్: పాలిష్ పట్టించినా తుప్పు ఆగట్లేదు

ఇంట్లో పెట్టడానికి పాత పోత ఇనుప ఫైర్‌ప్లేస్ ఒకటి కొన్నాం. పగుళ్లు లేవు, కానీ పూల డిజైన్ కనిపించనంత మందంగా తెల్ల పెయింట్ ఉంది. టెస్ట్ కిట్‌తో చూస్తే అందులో సీసం ఉందని వచ్చింది, అందుకే పొడిగా గీకకుండా పెయింట్ రిమూవర్ జెల్ రాసి తీశాను. తర్వాత నీళ్లతో కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, గ్రాఫైట్ ఉన్న నల్ల గ్రేట్ పాలిష్ (grate polish, పొయ్యి ఇనుముకి పట్టించేది) పట్టించాను. ఆ రోజు అద్భుతంగా ఉంది. మర్నాడు పొద్దున్నకే పూల సందుల్లో, అతుకుల దగ్గర నారింజ రంగు మచ్చలు తేలాయి, చదునుగా ఉన్నచోట మాత్రం ఏమీ లేదు. పాలిష్ తీసేసి, ఈసారి నీళ్లు తగలనివ్వకుండా వైట్ స్పిరిట్‌తో (పెయింట్ పల్చన చేయడానికి వాడే ద్రావకం) తుడిచి, హీట్ గన్‌తో ఆరబెట్టి మళ్లీ పట్టించినా అదే చోట అదే తంతు. రిమూవర్ సందుల్లో మిగిలిపోయిందేమోనని నా అనుమానం. తుప్పును మార్చే కెమికల్ రాద్దామంటే వేడికి ఆగుతుందో లేదోనని టెన్షన్, ఇది షోకి కాదు, నిజంగానే కట్టెలు కాలుస్తాం. 600 డిగ్రీలు తట్టుకునే నల్ల స్ప్రే పెయింట్ కొట్టెయ్యమంటున్నారు గానీ, ఆ పాత ఇనుప మెరుపు పోతుందని మనసొప్పట్లేదు.

పెయింట్ జోలికి పోకుండా, గ్రేట్ పాలిష్‌తోనే సందుల్లో తుప్పు ఆపగలిగినవాళ్లు పాలిష్‌కి ముందు సరిగ్గా ఏం చేశారు?