నాన్న రిటైర్మెంట్ పైసలు: హనుమకొండలో ఇల్లా, నెలనెలా వడ్డీనా?

ఖని పెద్దోడు:
నాన్న వచ్చే నెల సింగరేణిలో రిటైర్ అవుతున్నాడు. 61 నిండుతాయి. గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల పీఎఫ్) అన్నీ కలిపి 45 లక్షల దాకా చేతికొస్తాయని లెక్క. క్వార్టర్ ఖాళీ చేయాలి. నేను హైదరాబాద్‌లో ఉంటా, తమ్ముడు హనుమకొండలో. నయీంనగర్ వైపు ఒక పాత ఇల్లు బేరానికి వచ్చింది, పైసలన్నీ దానికే పెడదాం, తక్కువ పడితే నేను లోన్ తీసుకుంటా అంటాడు తమ్ముడు. నేనేమో 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేసి, గోదావరిఖనిలోనే కిరాయికి ఉండనీ అంటున్నా. నాన్నని అడిగితే "మీ ఇష్టం" అంటాడు. మీరైతే ఏం చేస్తారు?

హన్మకొండ వదిన:
ఇల్లే. జీవితమంతా కంపెనీ క్వార్టర్‌లో బతికిన మనిషిని ముసలితనంలో కిరాయి ఇంట్లో పెడతారా? ఓనర్ పొమ్మంటే 70 ఏళ్లప్పుడు సామాను ఎత్తుకుని తిరగాలా? ఇంకో మాట, అనకూడదు కానీ అనాల్సిందే. కిరాయి ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని గేటు దాటి లోపలికి తేనియ్యని ఓనర్లు మన దగ్గర ఎంతమంది లేరు? వడ్డీ లెక్కలేసే మగవాళ్లకు ఇది గుర్తు రాదు.

లెక్కల మాస్టారు:
వదినా, కోపం చేసుకోకండి, లెక్క కూడా చూద్దాం. సీనియర్ సిటిజన్ పథకంలో ఒక్కరికి గరిష్ఠం 30 లక్షలు. ఇప్పుడు 8.2 శాతం, చేరిన రోజు రేటే ఐదేళ్లూ నడుస్తుంది. మూడు నెలలకోసారి 61,500 పడుతుంది, అంటే నెలకు 20,500. అమ్మ పేరు మీద పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ పథకంలో 9 లక్షలు వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు ఇంకో 5,550. రెండూ కలిపి 26 వేల పైచిలుకు, ఇంకా ఆరు లక్షలు బ్యాంకులో ఉంటాయి. అదే ఇంట్లో పోస్తే? ఇటుకలు మందుల బిల్లు కట్టవు.

హన్మకొండ వదిన:
పదేళ్ల తర్వాత ఆ 26 వేలకు ఏమొస్తుంది మాస్టారూ? బొగ్గు గని పెన్షన్‌కు డీఏ కలవదు, మొదలైన రోజు ఎంతో తర్వాతా అంతే. వడ్డీ కూడా పెరగదు. ఇల్లయితే పెరుగుతుంది.

లెక్కల మాస్టారు:
ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఉంటున్న ఇల్లు పెరిగితే మనకేం లాభం, అమ్మితేనే కదా చేతికొచ్చేది. అది పిల్లలకు ఆస్తి, ఆయనకు కాదు.

జమ్మికుంట రాజు:
ఇవన్నీ ఎందుకన్నా, నూటికి రెండు వడ్డీకి తిప్పితే 30 లక్షలకు నెలకు 60 వేలు.

లెక్కల మాస్టారు:
అసలు సొమ్ము తిరిగి ఎవరిస్తారు తమ్మీ, నువ్విస్తావా?

పాత బాయి మనిషి:
నేను ఖనిలో 11 ఇంక్లైన్ బొగ్గు బాయిల చేసి దిగిన. కొడుకు కరీంనగర్‌లో ఇల్లు కట్టిండు, పోయి ఉంటున్న. ఇల్లు మంచిగుంది, కోడలు మంచిది, వంక పెట్టేది లేదు. కానీ మొదటి షిఫ్టు అలవాటు, నాలుగింటికే మెలకువ వస్తది. లేచి ఎక్కడికి పోవాలె? ఖనిలో అయితే చౌరస్తా కాడ టీ తాగేసరికి నలుగురు తెలిసినోళ్లు కలుస్తరు, ఎవరి మోకాళ్ల నొప్పి ఎట్లుందో, ఎవరి బిడ్డ పెండ్లి ఎప్పుడో అక్కడే తెలుస్తది. ఇక్కడ నన్ను "ఆ సందు చివరింటి ముసలాయన" అంటరు. నీ పోస్టులో 45 లక్షలున్నయి, కిరాయి ఉంది, లోన్ ఉంది. మీ నాయన రోజంతా ఏం చేస్తడో మాత్రం లేదు బిడ్డా. పైసలు ఎక్కడ పెట్టాలె అని అడిగితే ఆయన "మీ ఇష్టం" అనే అంటడు. క్వార్టర్ తాళం ఇచ్చిన తెల్లారి పొద్దున ఎక్కడికి పోతవు అని అడుగు. ఇంకోటి, తమ్ముడు లోన్ తీసుకుంటే ఇంటి కాగితాల మీద అతని పేరు కూడా ఉండాలని బ్యాంకోళ్లు అంటరు. అది ముందే అందరి ముందర మాట్లాడుకోండి.

ఖని పెద్దోడు:
కాకా, రాత్రి ఫోన్‌లో అట్లనే అడిగిన. ములుగు దగ్గర మా ఊరికి పోయి పాత పెంకుటిల్లు బాగు చేసుకుని రెండు బర్రెలు పెట్టుకుంటాడట! ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట మా చెవిన పడలేదు. వెనక నుంచి అమ్మ ఫోన్ గుంజుకుని "ఆ బర్రెల పేడ ఎవరు తీస్తరు? నేనైతే మనవరాలు బడికి పోయే కాడ ఉంట" అన్నది. మనవరాలు తమ్ముడి బిడ్డ, హనుమకొండలోనే. పైసలు ఇద్దరివీ కదా, ఇప్పుడు ఎవరి కోరికకు ప్లాన్ చేయాలి?

లెక్కల మాస్టారు:
అయితే ఇప్పుడే ఏదీ కొనకండి. ఊళ్లో ఇల్లు రిపేరుకు ఆ ఆరు లక్షల్లోంచి తీయండి, మిగతాది పథకాల్లోనే ఉండనీ. మధ్యలో తీస్తే కొంత కోత పడుతుంది కాబట్టి చేతి ఖర్చుకు వేరే పెట్టండి. హనుమకొండలో తమ్ముడి ఇంటికి దగ్గర్లో చిన్న పోర్షన్ కిరాయికి తీసుకుని ఒక ఏడాది అక్కడా ఇక్కడా ఉండి చూడమనండి. ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటారో వాళ్లకే తెలుస్తుంది.

పాత బాయి మనిషి:
ఇది నాకు నచ్చింది. నన్ను ఎవరూ ఇట్లా అడగలే.

హన్మకొండ వదిన:
బాగానే ఉంది. ఆ ఏడాదిలో నయీంనగర్‌లో గజం ఎంతకు పోతుందో అది కూడా లెక్క కట్టి చెప్పండి మాస్టారూ. అమ్మ మాట నెగ్గితే అప్పుడు ఆ ఇల్లు ఎవరు కొనిస్తారు?