అప్‌డేట్: కొత్తవాడ దర్రీల సైటు, 1 జీబీ సర్వర్

అప్పుడు అడిగింది క్లుప్తంగా: వరంగల్ కొత్తవాడ నేతన్నల దర్రీలు అమ్మే వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో ఆన్‌లైన్ దుకాణం నడిపే ప్లగిన్) సైటు. చూసేవాళ్లు తక్కువ, ప్లగిన్లు (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాములు) ఎక్కువ. 1 జీబీ ర్యామ్‌లో మైఎస్‌క్యూఎల్ (సైటు డేటాబేస్) ఉన్నట్టుండి ఆగిపోతుండె. పెద్ద ప్లాన్‌కు మారాల్నా అని అడిగిన. మారలేదు, ఇప్పుడు ఆగుతలేదు.

కర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) లాగ్ చూడమన్న అన్నకు దండాలు. ర్యామ్ చాలక కర్నలే మైఎస్‌క్యూఎల్‌ను చంపేస్తున్నది. ర్యామ్ తింటున్నది మాత్రం పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ పేజీలు తయారుచేసే ప్రోగ్రాము). ఇన్ని ప్లగిన్లు లోడయ్యేసరికి ఒక్కో ప్రాసెస్ 100 ఎంబీ దాటుతున్నది, పని లేకున్నా అట్లనే కూసుంటున్నది. ఈ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంను డైనమిక్ (కొన్ని ప్రాసెస్‌లు ఎప్పుడూ సిద్ధంగా ఉండే పద్ధతి) నుంచి ఆన్‌డిమాండ్‌కు మార్చి, గరిష్ఠంగా 3 ప్రాసెస్‌లే పెట్టిన. ఎవరన్నా వస్తేనే ప్రాసెస్ లేస్తది, 10 సెకన్లు ఖాళీగా ఉంటే పోతది. మొదటి పేజీ కొంచెం ఆలస్యమైతది. జనం తక్కువ వచ్చే సైటుకు ఇదే సరైన పద్ధతని నా గట్టి నమ్మకం.

డబ్ల్యూపీ-క్రాన్ (ఎవరన్నా పేజీ తెరిచినప్పుడు వర్డ్‌ప్రెస్ తన టైము ప్రకారం చేసే పనులు చూసుకునే ఏర్పాటు) ఆపి, ఆ పనులను సర్వర్ క్రాన్‌లో 15 నిమిషాలకోసారి పెట్టిన. ఎక్స్‌ఎమ్‌ఎల్-ఆర్‌పీసీ (బయటి యాప్‌లు సైటుతో మాట్లాడే దారి) మూసేసిన, బాట్ల (వాటంతటవే తిరిగే ప్రోగ్రాముల) తాకిడి అక్కడే ఎక్కువ. పేజీ క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపించుడు) వాడితే దాంట్లోంచి కార్ట్, చెకౌట్ తప్పించుడు మాత్రం మరువకండి, ఒకరి బుట్ట ఇంకొకరికి కనపడొచ్చు. మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) డిఫాల్ట్ 128 ఎంబీయే, ముట్టుకోలేదు. పర్ఫార్మెన్స్ స్కీమా (మైఎస్‌క్యూఎల్ తన పనితీరును కొలుచుకునే భాగం) ఆపితే ఇంకొంత ర్యామ్ మిగిలింది.

కొత్త దర్రీల ఫోటోలు ఎక్కించేటప్పుడు సీపీయూ ఇంకా ఎగుస్తున్నది. ఒక్కో ఫోటోకు వర్డ్‌ప్రెస్ అన్ని సైజులు తయారుచేస్తది కదా. ఫోన్‌లోనే చిన్నగ చేసి పంపుమని నేతన్నలకు చెప్పిన.