యుద్ధం వార్తలు వస్తుండగానే చూసేవాళ్లకు: దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి?

నిదానం22

ఎక్కడో యుద్ధం మొదలవగానే ఫోన్లో పది గ్రూపులు, టీవీలో ఎర్ర పట్టీలు, గంటకో కొత్త పటం. రెండ్రోజులు పోయాక చూస్తే మొదట చదివినవాటిలో చాలా మాటలు మారిపోయి ఉంటాయి. ఉక్రెయిన్‌ను మొదటి నుంచీ గమనిస్తున్నవాళ్లు, ఉపగ్రహ చిత్రాలు చూడటం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీ పద్ధతులు చెప్పండి. మొదటి గంటల్లో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? వీడియో పాతదో కొత్తదో ఎలా తేల్చాలి? రంగుల పటాలు ఎలా చదవాలి? ఎవరిది న్యాయం అనే చర్చ మాత్రం ఇక్కడ వద్దు, దయచేసి.

పటాలపిచ్చి

అన్నిటికంటే ముందు గడియారం. ఫోన్లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)తోపాటు యుద్ధం జరిగే నగరం సమయం కూడా పెట్టుకోండి. కీవ్ చలికాలంలో యూటీసీకి 2 గంటలు ముందు, వేసవిలో 3 గంటలు. మాస్కో ఏడాది పొడవునా 3. టెహ్రాన్ మూడున్నర, 2022 తర్వాత అక్కడ వేసవికి గడియారం జరపడం మానేశారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, క్షిపణులూ డ్రోన్లూ ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. అర్ధరాత్రి చుట్టుపక్కల పడినదానికి ఒకరు నిన్నటి తేదీ వేస్తారు, ఇంకొకరు ఇవాళ్టిది. చదివేవాడికి రెండు దాడుల్లా కనిపిస్తుంది. ఉక్రెయిన్ వైమానిక దళం పొద్దున్నే ఇచ్చే లెక్కలో ముందురోజు సాయంత్రం నుంచి వచ్చినవన్నీ ఉంటాయి. రాత్రి చదివిన అంకెను దానికి కలిపితే అదే డ్రోన్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

సైరన్ల పటం గురించి కూడా ఒక మాట. రష్యాలో మిగ్-31కె విమానం పైకి లేచిందంటే చాలు, అది కింజాల్ క్షిపణి వదలొచ్చన్న భయంతో ఉక్రెయిన్ మొత్తం సైరన్ మోగుతుంది, పటమంతా ఎర్రబడుతుంది. విమానం దిగిపోతే ఎరుపూ పోతుంది. ఆ మధ్యలో తీసిన స్క్రీన్‌షాట్ "దేశమంతటా దాడులు" అనే శీర్షికతో తిరుగుతుంది. సైరన్ అంటే హెచ్చరిక, దాడి జరిగిందని కాదు.

ఆగి_చూద్దాం

మొదటి గంటల్లో చూడాల్సింది ఒకటే: ఈ మాట మొట్టమొదట ఎవరన్నారు?

2022 నవంబర్ 15న పోలండ్ సరిహద్దు ఊరు ప్షెవొడూవ్‌లో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. పోలండ్‌లోకి రష్యా క్షిపణులు వచ్చాయని అమెరికా నిఘా అధికారి ఒకరు చెప్పినట్టు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తా సంస్థ రాసింది. పోలండ్ నాటో సభ్యదేశం కాబట్టి ప్రపంచయుద్ధం అంటూ పట్టీలు వచ్చేశాయి. మర్నాడు ఏపీ ఆ కథనాన్ని వెనక్కి తీసుకుంది. బహుశా ఉక్రెయిన్ గగనతల రక్షణ క్షిపణే దారితప్పి ఉంటుందని నాటో అధిపతి చెప్పారు. ఆ రాత్రి వందల సైట్లలో వచ్చినా, వార్తకు మూలం పేరు చెప్పని ఒక్క అధికారి.

అందుకని శీర్షిక వదిలేసి లోపల "తెలిపింది", "ప్రకారం", "కథనం" అన్న మాటలు వెతకండి. పది చోట్లా ఒకే సంస్థ పేరు ఉంటే మీ దగ్గరున్నది ఒక్క ఆధారమే. రెండో ఆధారం అంటే విడిగా తమ మనిషిని పంపినవాళ్లో, విడిగా వీడియో పట్టినవాళ్లో అయ్యుండాలి.

మృతుల సంఖ్యకైతే ఇంకా ఆగాలి. 2022 ఫిబ్రవరి 24న స్నేక్ ఐలాండ్ మీదున్న 13 మంది ఉక్రెయిన్ సైనికులూ చనిపోయారని స్వయంగా అధ్యక్షుడే ప్రకటించారు. నాలుగు రోజులకు వాళ్లు బందీలుగా బతికే ఉన్నారని నౌకాదళం చెప్పింది. గాజాలో 2023 అక్టోబర్ 17న అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగితే, గంటల్లోనే 500 మంది అన్నారు. తర్వాత గాజా ఆరోగ్య శాఖ 471 అంది. అమెరికా నిఘా అంచనా 100 నుంచి 300 మధ్య. ఎవరు పేల్చారన్నదానిమీదా రెండు పక్షాలూ చెరో మాట. అంత పెద్ద పేలుడు తర్వాత అరగంటలో వచ్చే గుండ్రటి అంకె లెక్క కాదు, ఊహ.

కొండగుర్తు

వీడియోల సంగతి నేను చెప్తాను.

ముందు వీడియోను నాలుగైదు చోట్ల ఆపి, మనుషులు తక్కువగా, కట్టడాలు ఎక్కువగా ఉన్న ఫ్రేములను బొమ్మలుగా తీసుకోండి. బొమ్మతో వెతకనిచ్చే గూగుల్ లెన్స్, యాండెక్స్, టిన్‌ఐ మూడింట్లోనూ వెతకండి. తూర్పు ఐరోపా వీధులూ భవనాలూ యాండెక్స్ బాగా పట్టుకుంటుంది. టిన్‌ఐలో ఫలితాలను "అన్నిటికంటే పాతది" వరుసలో పెట్టొచ్చు, మనకు కావలసింది అదే. కంప్యూటర్ వాడేవాళ్లు ఇన్‌విడ్ ప్లగిన్ పెట్టుకుంటే ఫ్రేములు అదే విడదీసి ఇస్తుంది. ఏమీ దొరక్కపోతే బొమ్మను కుడిఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. పట్టుబడకుండా అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టడం పాత ఎత్తే. బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయేమో చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది.

రాత్రివేళ పెద్ద అగ్నిగోళం కనిపిస్తే, ముందు చైనాలోని తియాంజిన్ గోదాముల పేలుడుతో పోల్చండి. 2015 ఆగస్టు 12 నాటిది. ఏ యుద్ధం వచ్చినా అది కొత్త పేరుతో వస్తుంది. పగటిపూట రేవు, తెల్లటి మేఘంలా ఉబ్బిన పొగ అయితే 2020 ఆగస్టు 4 నాటి బేరూత్.

ఇక ఆటల దృశ్యాలు. "కీవ్ భూతం" అని ఒక్కడే విమానాలు కూల్చేశాడన్న వీడియో డీసీఎస్ అనే విమానాల ఆటలోది. ఆ పైలట్ ఒక ప్రతీక మాత్రమేనని ఉక్రెయిన్ వైమానిక దళమే 2022 ఏప్రిల్ ఆఖర్లో చెప్పింది. ఆర్మా 3 ఆటవైతే ఎన్నొచ్చాయంటే, ఆ ఆట తయారుచేసిన కంపెనీయే 2022 నవంబర్‌లో గుర్తుపట్టే పద్ధతులు ప్రకటించాల్సి వచ్చింది. చీకటి, మసక, వణికే కెమెరా, మాట వినపడకపోవడం, కదిలే మనుషులు లేకపోవడం: ఇవన్నీ ఒకేచోట ఉంటే అనుమానించండి.

దూరపు పేలుడైతే శబ్దం వినండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు. దిగంతంలో ఎక్కడో వెలుగు కనిపించిన క్షణానే చప్పుడూ వినిపిస్తే ఆ శబ్దం తర్వాత అతికించినది. పది సెకన్లకు వినిపిస్తే కెమెరా దాదాపు మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఉందని లెక్క కట్టి, పటంలో ఆ వలయం గీసుకోవచ్చు కూడా.

చోటు పట్టుకోవాలంటే నీళ్ల ట్యాంకు, చర్చి గుమ్మటం, పొగగొట్టం, రోడ్డు చీలిక లాంటివి చూడండి. వాటిని గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలతో సరిపోల్చాలి. చోటు దొరికాక, సూర్యుడు ఏ వేళకు ఎక్కడుంటాడో చూపే సన్‌కాల్క్ సైట్లో ఆ తేదీ వేసి, నీడ పడిన దిక్కు, పొడవు చూస్తే వేళ తెలుస్తుంది. చెట్లకు ఆకులున్నాయా, నేలమీద మంచుందా అన్నవి మర్చిపోవద్దు. జనవరి దాడి అంటారు, చెట్లేమో పచ్చగా ఉంటాయి!

సందేహం_గాడు

ఫోటో వివరాల్లో తేదీ, జీపీఎస్ ఉంటాయి కదా, అవి చూస్తే సరిపోదా?

కొండగుర్తు

@సందేహం_గాడు వాట్సాప్, టెలిగ్రామ్‌లో మామూలు ఫోటోగా పంపినవాటికి ఆ వివరాలు చెరిగిపోతాయి. ఫైలుగా పంపితే మిగలొచ్చు. అవి ఉన్నా మార్చడం తేలిక, కాబట్టి వాటిమీద ఆధారపడొద్దు.

తెర_వెనక

ఏఐ సంగతి కలుపుతున్నాను. 2022 మార్చి 16న జెలెన్‌స్కీ లొంగిపొమ్మన్నట్టు వచ్చిన నకిలీ వీడియోలో తల ఒంటికి అతకలేదు, అందరూ పట్టేశారు. ఇప్పుడు అంత తేలిక కాదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్-ఇరాన్ యుద్ధం జరిగిన 12 రోజుల్లో కూలిన భవనాల కృత్రిమ వీడియోలు కుప్పలుగా వచ్చాయి. అప్పటి పరికరాలు ఒక్కో ముక్క 8 సెకన్లు మాత్రమే ఇచ్చేవి కాబట్టి, ఎనిమిదేసి సెకన్లకు దృశ్యం మారిపోయే వీడియోలను ఆరా తీయాలి. ఈ గుర్తు ఎంతోకాలం నిలవదు. నిలిచేది ఒకటుంది: నిజంగా పెద్ద పేలుడు జరిగితే నగరంలో వేరువేరు కిటికీల నుంచి వేరువేరు ఫోన్లు తీస్తాయి. ఒక్క కోణమే ఉంటే ఆగండి.

దీనికి మినహాయింపు ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు. అదే జూన్‌లో ఇరాన్‌లో నెట్ దాదాపు పూర్తిగా పడిపోయింది. అలాంటప్పుడు దృశ్యాలు రాకపోవడాన్ని ఏమీ జరగలేదని అర్థం చేసుకోకూడదు. దేశాల ఇంటర్నెట్‌ను గమనించే నెట్‌బ్లాక్స్ సంస్థ గ్రాఫు చూస్తే నెట్ ఉందో లేదో తెలుస్తుంది. చాట్‌బాట్‌ను అడిగి "నిజమేనట" అని తేల్చుకోవడం మాత్రం మానండి. గంట కిందటి వీడియో గురించి దానికీ అవే పోస్టులు దిక్కు.

ఆకాశదీపం

నాసా ఫర్మ్స్ వెబ్‌సైట్ ఉచితం. ఉపగ్రహాలు పట్టిన మంటలను చుక్కలుగా చూపిస్తుంది, ఉపగ్రహం చూసిన మూడు గంటల్లోపు వస్తాయి. "చమురు గిడ్డంగి తగలబడింది" అంటే అక్కడికి వెళ్లి 24 గంటల పొర వేసి చుక్క నొక్కండి, యూటీసీ సమయం కనిపిస్తుంది.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. ఉపగ్రహాల్లో రెండు రకాల పరికరాలున్నాయి: వీఐఐఆర్‌ఎస్ చుక్క 375 మీటర్ల గడి, మోడిస్‌ది కిలోమీటరు. మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండొచ్చు, చుక్క ఏ ఇంటిమీద పడిందని చూడకూడదు. మేఘాలుంటే కనపడదు. పొలాల్లో గడ్డి తగలబెట్టే కాలంలో పటం నిండా చుక్కలే. ఉక్కు కర్మాగారాలు, చమురు బావుల దగ్గర మండే గ్యాసు రోజూ కనిపిస్తాయి, అందుకే అదే చోటును వారం కిందటి తేదీతో పోల్చాలి. అప్పుడూ ఉంటే అది దాడికి రుజువు కాదు.

నష్టం ఎంతో చూడాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్లో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. ఒక పిక్సెల్ 10 మీటర్లు. కాలిన గోదాము, నీరు తగ్గిన జలాశయం తెలుస్తాయి, ట్యాంకులు తెలియవు. 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లోని కఖోవ్కా ఆనకట్ట తెగాక జలాశయం ఎండడం ఇందులో స్పష్టంగా చూడొచ్చు. మబ్బు పట్టిన రోజుల్లో సెంటినెల్-1 రాడార్ చిత్రం వాడండి, చదవడం కొంచెం కష్టం.

పటాలపిచ్చి

పటాలకు వస్తే, ఎవరి పటమైనా సరే, గీత అంటే గోడ కాదు. డీప్‌స్టేట్ అనే పటం ఉక్రెయిన్‌వాళ్లది. అందులో బూడిద రంగు ఎవరి చేతిలోనూ గట్టిగా లేని మేర, అసలు పోరు అక్కడే. వాషింగ్టన్‌లోని ఐఎస్‌డబ్ల్యూ అనే అధ్యయన సంస్థ పటంలో రష్యా తనదన్న మేరకు వేరే రంగు, తాము నిర్ధారించిన ముందంజకు వేరే రంగు. రెండింటినీ ఒకటిగా చదివేవాళ్లే ఎక్కువ. పైగా ఐఎస్‌డబ్ల్యూ ఎక్కువగా చోటు తేలిన వీడియో వచ్చాకే గీత జరుపుతుంది. గీత ఇవాళ జరిగిందంటే ఊరు ఇవాళ పడిందని కాదు. రైబార్ లాంటి రష్యా అనుకూల టెలిగ్రామ్ ఛానెళ్లనూ పక్కన పెట్టుకోండి. తమవాళ్లు వెనక్కి తగ్గారని వాళ్లే ఒప్పుకుంటే ఆ మాటకు విలువ ఎక్కువ.

ఊరి మధ్యలో జెండా పట్టుకున్న వీడియో ఒక్కటే వస్తే, ఎవరో అక్కడిదాకా వెళ్లారని మాత్రమే రుజువు.

పేర్ల తికమక ఒకటి. బఖ్‌ముత్‌ను రష్యావాళ్లు ఆర్త్యోమొవ్‌స్క్ అంటారు, పొక్రోవ్‌స్క్‌ను క్రస్నోఆర్మెయ్‌స్క్, తొరెత్స్క్‌ను జెర్జిన్‌స్క్. 2016లో ఉక్రెయిన్ మార్చిన పేర్లు ఇవి. ఒకే పట్టణం రెండు పేర్లతో రెండుసార్లు పడిపోయినట్టు రాసినవి బోలెడు. ఇవానివ్కా, నొవొసెలివ్కా లాంటి పేర్లతో చాలా ఊళ్లున్నాయి, జిల్లా పేరు లేని వార్తను పటంలో పెట్టకండి.

ఆగి_చూద్దాం

@పటాలపిచ్చి మీరన్న "ఒప్పుకోవడం" చాలా ముఖ్యమండీ. 2022 ఏప్రిల్‌లో రష్యా యుద్ధనౌక మాస్క్వా విషయం చూడండి. నెప్చూన్ క్షిపణులతో కొట్టామని ఉక్రెయిన్, మంటలు అంటుకుని మందుగుండు పేలిందని రష్యా. కారణం మీద కుదరలేదు. కానీ నౌక తీవ్రంగా దెబ్బతిందన్న ముక్కను ఇద్దరూ అన్నారు, ఆ రోజుకు నమ్మదగింది ఆ ముక్కే.

ఎవరికి అధికారం ఉందో కూడా చూడాలి. 2025 జూన్ 22న ఇరాన్ పార్లమెంటు హోర్ముజ్ జలసంధి మూసివేతకు ఆమోదం తెలిపింది. "మూసేశారు" అని పట్టీలు వేశారు. తుది నిర్ణయం అక్కడి సుప్రీం జాతీయ భద్రతా మండలిది. ఆ 12 రోజుల్లో జలసంధి మూతపడలేదు.

అంకెలరావు

నష్టాల అంకెలు: చనిపోయినవాళ్లు వేరు, చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ కలిపిన లెక్క వేరు. ఉక్రెయిన్ సైన్యం రోజూ ఇచ్చే రష్యా నష్టం రెండో రకం. దాన్ని మృతులుగా రాసేస్తుంటారు. రష్యన్ వార్తా సైటు మీడియాజోనా, బీబీసీ రష్యన్ విభాగం కలిసి చేసే జాబితా మాత్రం సంతాప ప్రకటనల్లాంటి బహిరంగ ఆధారాలతో పేరుపేరునా తేల్చినది, కాబట్టి కనీస సంఖ్య. పౌరుల విషయంలో ఐరాస మానవ హక్కుల కార్యాలయం కూడా తాము నిర్ధారించినవే ఇస్తున్నామని, అసలు సంఖ్య ఎక్కువని ప్రతిసారీ రాస్తుంది. ట్యాంకులకు ఓరిక్స్ అనే సైటు: ఫోటో ఉంటేనే లెక్క. ప్రతి ప్రభుత్వం అవతలివాళ్ల నష్టం చెప్తుంది, తనది దాస్తుంది. రెండు ప్రభుత్వాల అంకెలు కూడి సగం చేస్తే నిజం వస్తుందనుకోవద్దు, ఆ పద్ధతికి ఏ ఆధారమూ లేదు.

సందేహం_గాడు

ఇవన్నీ చూస్తూ కూర్చుంటే రాత్రంతా నిద్ర ఉండదు కదా?

తెర_వెనక

టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో ఆటో డౌన్‌లోడ్, ఆటోప్లే ఆపేయండి. వాట్సాప్‌లోనూ స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ తీసేయండి. ఎక్స్‌లో డేటా యూసేజ్ కింద ఆటోప్లే "నెవర్". శవాల వీడియోలు అడక్కుండా వాటంతటవే ఆడటం తగ్గుతుంది. నోటిఫికేషన్లు ఒక వార్తా సంస్థవి ఉంచి మిగతావి కట్టేయండి. రోజుకు రెండుసార్లు చూస్తే చాలు. మధ్యలో వచ్చేవాటిలో ఎక్కువభాగం సాయంత్రానికి సరిదిద్దుకునేవే.

నిదానం22

అందరికీ థాంక్స్. ఇంకొక్కటి: కుటుంబ గ్రూపులో పంపాలంటే ఏ రూపంలో పంపాలి?

కొండగుర్తు

స్క్రీన్‌షాట్ వద్దు, లింకు పంపండి. స్క్రీన్‌షాట్లో సవరణ కనపడదు, లింకు తెరిస్తే కనపడుతుంది. టెలిగ్రామ్ పోస్టు దిద్దితే కింద "ఎడిటెడ్" అని వస్తుంది. పోస్టు తీసేస్తారేమో అనిపిస్తే ముందే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి ఆ లింకూ కలపండి. పైన ఒక్క వాక్యం రాయండి: ఎవరన్నారు, ఎన్నింటికి, అవతలి పక్షం ఏమంది. క్షిపణి ఇప్పుడే పడిన చోటు, సైనికుల కదలికలు తెలిసే వీడియోలైతే అసలు పంపకండి. అలాంటివి పెట్టడం ఉక్రెయిన్‌లో 2022 మార్చి నుంచి నేరం. గురి సరిచేసుకోవడానికి అవతలివాళ్లు కూడా వాటినే చూస్తారు.