పనస నీడలో లిల్లీ ఆఫ్ ది వ్యాలీ బతుకుతుందా?

కోరాపుట్ సభ్యురాలు:
మా పెరట్లో పనసచెట్టు కింద మధ్యాహ్నం కూడా ఎండ పడదు. బైబిలు పరమగీతములోని ‘లోయలలో పుట్టు పద్మము’ అన్న మాట (ఇంగ్లిషు బైబిలులో ‘లిల్లీ ఆఫ్ ది వ్యాలీస్’) అమ్మకు ప్రాణం కనుక, అక్కడ ఆ పేరున్న చలిదేశపు పూలమొక్క, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ దుంపలు నాటదలచాను. నీడను కోరే మొక్కే కదా, అందరూ ఎందుకు వద్దంటున్నారు?

జయపురం సభ్యుడు:
నాటండి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పుష్యమాసంలో తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. దుంపలను కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటితే పూస్తాయి, ఐరోపాలో పూల వ్యాపారులు కూడా చల్లటి గదుల్లో నిల్వ చేసిన దుంపలతోనే అకాలంలో పూయిస్తారు.

రాయగడ సభ్యుడు:
అమ్మగారి కోరిక మీద గౌరవంతోనే వద్దంటున్నాను. ఆ మొక్కకు నీడ ఎంత అవసరమో, వారాల తరబడి విడవని చలి అంతకన్నా అవసరం. మన చలి తెల్లవారుజామున వణికించి పది గంటలకల్లా వెళ్లిపోతుంది. నేను పది వారాలు ఫ్రిజ్‌లో ఉంచిన దుంపలను కుండీలో నాటాను. ఒక్క కాడకు చిరుగంటల్లాంటి తెల్లని పూలు ఏడు వచ్చాయి, ఇల్లంతా పరిమళించింది, అది అబద్ధం కాదు. కానీ ఏప్రిల్‌కు ఆకుల అంచులు మాడాయి, ఆషాఢం వానలకు దుంప కుళ్లి, వేలితో నొక్కితే తొక్క ఊడి చేతికి వచ్చింది. పనస కింద నేలలోనైతే నీటి కోసం ఆ చెట్టు వేళ్లతోనూ పోటీ పడాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అది నిలువెల్లా విషం. ఆకు, పువ్వు, ఎర్రని పండు, పూలు ఉంచిన కూజాలోని నీరు సహా ప్రమాదమే, అందులోని కన్వల్లాటాక్సిన్ గుండె లయను దెబ్బతీస్తుంది. పిల్లలు, మేకలు తిరిగే పెరట్లో దాన్ని పెట్టకండి. పైగా బైబిలు దేశంలో ఈ మొక్క సహజంగా పెరగదు కనుక, ఆ వచనంలోని పువ్వు ఇదే కావాలన్న నియమం లేదు. పనస నీడ పలచబడే అంచున జింజర్ లిల్లీ కొమ్ములు నాటండి. అల్లం జాతి మొక్క, తడిని ఇష్టపడుతుంది, వానాకాలం సాయంత్రాల్లో తెల్లగా విచ్చుకొని అమ్మగారి గది వరకూ వాసన పంపుతుంది.

జయపురం సభ్యుడు:
విషం మాట నేను ఆలోచించలేదు, అది ఒప్పుకుంటున్నాను. అయినా పిల్లలకు అందని ఎత్తులో, ఒక్క ఏడాది పూత కోసమే ఒక కుండీ పెట్టుకోవడంలో తప్పు లేదనే నా అభిప్రాయం.

కోరాపుట్ సభ్యురాలు:
మా ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, కనుక కుండీ కూడా వద్దు. జింజర్ లిల్లీ కొమ్ములు ఎంత లోతున నాటాలో చెప్పగలరా?