కన్ను తీయకుండా తల్లి రొయ్యలతో గుడ్లు పెట్టించినవాళ్లు ఉన్నారా?

కావలి దగ్గర సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల్ని తయారుచేసే ఒక వనామీ రొయ్యల హేచరీలో నాలుగు నెలలుగా పనిచేస్తున్నాను. నన్ను తల్లి రొయ్యల్ని గుడ్లకు సిద్ధం చేసే మెచ్యూరేషన్ సెక్షన్‌లో వేశారు. ఆడ రొయ్యలు త్వరగా గుడ్లకు రావాలని వాటి ఒక కంటి కాడను కాల్చిన పటకారుతో నొక్కేస్తాం. అండాశయం ఎదగకుండా ఆపే హార్మోను ఆ కాడలోనే ఉంటుంది. అది తగ్గితే కొద్ది రోజులకే గుడ్లకొస్తాయి. సైన్సు అర్థమైంది, చేతికే అలవాటు కావడం లేదు. నొక్కగానే తోక టపటపా కొట్టుకుంటుంది.

ఇంట్లో చెబితే మా నాయన నవ్వాడు. "ఆదివారం పులుసులో లేని జాలి ఇప్పుడేంది అబ్బయా?" అన్నాడు. నిజమే, రొయ్యలు తినడం నేనూ మానలేదు, మానను కూడా. కానీ చంపి తినడం వేరు, కన్ను తీసి మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టించుకోవడం వేరు కదా? మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి కాని ఏ ప్రాణైనా అనే ఉంది. బ్రిటన్ అయితే 2022 చట్టంలో రొయ్యలు, పీతలను కూడా బాధ తెలిసే ప్రాణుల్లో చేర్చింది.

అబ్లేషన్ (ఇలా కంటి కాడ నొక్కేయడం) లేకుండా నడిపిన హేచరీల్లో చేసినవాళ్లు ఉంటే చెప్పండి. ఆడ రొయ్యల్ని ఎంత ఎక్కువ పెట్టుకోవాలి? పాలీకీట్ అనే సముద్రపు పురుగులు, స్క్విడ్ మేత పెంచితే సరిపోతుందా? పిల్ల నాణ్యతలో తేడా కనిపించిందా? అంకెలు చూపించందే మా మేనేజర్ వినడు. అప్పటిదాకా కనీసం మత్తు మందు వాడొచ్చా, వాడితే ఏది?