అప్‌డేట్: కొల్లేరు తెల్లకొంగ ఏదో తేలింది

కొల్లేరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలో తీసిన తెల్లకొంగ ఫొటో పెట్టి, గ్రేట్ ఈగ్రెటా, ఇంటర్మీడియట్ ఈగ్రెటా అని అడిగాను కదా. గ్రేట్ ఈగ్రెటే. ముక్కు రంగును నమ్ముకోకండి, గుడ్లు పెట్టే కాలంలో రెండింటి పసుపు ముక్కూ నల్లబడుతుంది. చూడాల్సింది నోటి చీలిక. గ్రేట్‌కి అది సన్నని గీతలా కన్ను దాటి వెనక్కి పోతుంది, ఇంటర్మీడియట్‌కి కంటి కిందే ఆగిపోతుంది.

మొదటి ఫొటోల్లో ఆ గీత కనబడలేదంటే తప్పు ఎక్స్‌పోజర్‌దే, అంటే కెమెరా తీసుకునే వెలుగుదే. చుట్టూ ముదురు నీళ్లుంటే కెమెరా వెలుగు పెంచేస్తుంది, తెల్ల ఈకలు సున్నం కొట్టినట్టు అయిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1కి దించి, ఫోకస్ కంటి మీద పెట్టి, 1/1000 సెకనులో పక్క నుంచి తీస్తే గీత శుభ్రంగా వచ్చింది. రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైల్, వెలుగు తర్వాత సరిచేసుకోవచ్చు) తీయండి. పూర్తిగా తెల్లబారిన ఈకల్ని మాత్రం అదీ వెనక్కి తేలేదు.