నాన్నతో ఎవరెస్ట్ బేస్ క్యాంప్: 12 రోజుల సెలవు సరిపోతుందా?

అడిగినవారు: ఖమ్మం_కిరణ్

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబర్‌లో మా నాన్నను ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి తీసుకెళ్దామని అనుకుంటున్నాను. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి, నాకు టెన్షన్‌గా ఉంది.

నాన్నకు 61 ఏళ్లు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. 2014లో మలావత్ పూర్ణ, మా జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించారు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని చదివించడంతోనే సరిపోయింది, తనకంటూ ఏ ఊరూ చూడలేదు. అందుకే ఇది నా చేత్తో చేయించాలని ఉంది.

ఆరోగ్యం అంటే, ఎనిమిదేళ్లుగా బీపీకి రోజూ ఒక మాత్ర (ఆమ్లోడిపిన్) వేసుకుంటారు, షుగర్ లేదు. ఏటా అలిపిరి నుంచి నడిచే తిరుమల వెళ్తారు, ఆ 3,550 మెట్లూ మోకాళ్ళ పర్వతంతో సహా నాకంటే ముందే ఎక్కేస్తారు.

సమస్య నా సెలవు. ఇంట్లో బయల్దేరి మళ్లీ ఇంటికి చేరేదాకా నాకు మొత్తం 12 రోజులే దొరుకుతాయి. ఒక ట్రావెల్స్ వాళ్లు లుక్లా (విమానం దిగి నడక మొదలుపెట్టే ఊరు) నుంచి లుక్లాకి 9 రోజుల ప్యాకేజీ ఉందన్నారు, మధ్యలో విశ్రాంతి రోజు ఒక్కటే ఉంటుందట, మామూలుగా అయితే రెండు. "మీ నాన్నగారు ఫిట్‌గా ఉన్నారు కదా, పర్వాలేదు" అన్నారు. నమ్మొచ్చా?

జవాబు: నడక_మనిషి

కిరణ్ గారూ, ఆ 9 రోజుల ప్యాకేజీ వద్దండి. మీ నాన్నగారి వయసు చూసి అంటున్న మాట కాదు, పాతికేళ్ల కుర్రాడు అడిగినా ఇదే చెబుతాను.

2018 అక్టోబర్‌లో మేం ముగ్గురం హైదరాబాద్ నుంచి వెళ్లాం. మాదీ ఇలాంటి ప్యాకేజీయే. నామ్చేలో (3,440 మీటర్లు) ఒక రోజు ఆగాం, డింగ్‌బోచేలో (4,410) ఆగాల్సిన రెండో రోజు తీసేసి నేరుగా లోబుచేకి (సుమారు 4,900) ఎక్కాం. మాలో అందరికంటే గట్టివాడు రోజూ తెల్లవారుజామున పది కిలోమీటర్లు పరిగెత్తేవాడు. దెబ్బ తగిలింది వాడికే. మధ్యాహ్నం తలనొప్పి అన్నాడు, ఎండ అనుకున్నాం. సాయంత్రానికి వాంతులు. రాత్రి ఎనిమిదింటికి బాత్రూమ్‌కి వెళ్దామని లేచి బూట్ల లేసులు కట్టుకోలేకపోయాడు, చేత్తో పట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాడు. నేను నిద్రమత్తు అనుకున్నాను. గైడ్ మాత్రం వెంటనే వాడిని లేపి, నేల మీద గీతలాగా ఉన్న చెక్క వెంబడి మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. నాలుగు అడుగులు కూడా వేయలేక తాగినవాడిలా పక్కకు ఒరిగిపోయాడు. "పొద్దున చూద్దాం" అన్న మాట గైడ్ నోట రాలేదు. తలకి లైట్లు కట్టుకుని ఆ చీకట్లోనే, చలిలోనే, ఇద్దరు పోర్టర్లు చెరో భుజం పట్టుకుని కిందికి దించారు. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది, 1973 నుంచి సీజన్‌లో నడుస్తోంది. అక్కడ ఆక్సిజన్ పెట్టి మందులిచ్చారు. లోబుచే నుంచి ఫెరిచేకి ఐదు వందల మీటర్ల పైన దిగాం, సగం దారిలోనే మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. పొద్దున హెలికాప్టర్‌లో ఖాట్మండు పంపించాం. బతికాడు, బాగున్నాడు. కానీ పొద్దున దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించలేను.

అలిపిరి మెట్లు కాళ్లకు, ఊపిరికి మంచి సాధనే, మోకాళ్లకు దిగడం కూడా అలవాటవ్వాలంటే కొండ మీంచి బస్సులో రాకుండా నడిచే దిగమనండి. అయితే తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా ఉండదు, ఒళ్లు ఎత్తుకి అలవాటు పడటానికీ కాళ్ల బలానికీ సంబంధం లేదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్ల లోపే పెరగాలి, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండో రాత్రి పడుకోవాలి. డింగ్‌బోచేలో ఆ రోజు ఖాళీగా కూర్చోరు, పక్కనున్న నంకర్‌షాంగ్ గుట్ట మీదికి కొంత ఎక్కించి మళ్లీ కిందికే తెచ్చి పడుకోబెడతారు. ట్రావెల్స్ వాళ్లు ముందుగా కత్తిరించేది ఆ రోజునే, ఎందుకంటే కాగితం మీద అది ఏమీ చేయని రోజులా కనిపిస్తుంది.

జవాబు: కాకతీయ_వైద్యుడు

నేను ఎం.డి. జనరల్ మెడిసిన్, వరంగల్. ఈ దారిలో ఒకసారి నడిచాను. ఇది చదివి మీ డాక్టర్‌ని కలవండి, దీన్నే ప్రిస్క్రిప్షన్ అనుకోకండి.

బీపీ అదుపులో ఉంటే అదొక్కటే ఆపే కారణం కాదు. ఎత్తుకి వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరగడం మామూలే, కాబట్టి మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు, చేతికి కట్టుకునే బీపీ మిషన్ ఒకటి సంచిలో పెట్టుకోండి. మాత్రలు సామాన్ల బ్యాగులో వేయొద్దు, లుక్లా విమానంలో బ్యాగు వెనకబడటం జరుగుతూ ఉంటుంది. 61 ఏళ్లు కాబట్టి బయల్దేరే ముందు ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను, "ఆయన మెట్లు ఎక్కుతారు కదా" అని వదిలేయకండి.

డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) గురించి ఎలాగూ అడుగుతారు. మామూలుగా ఎక్కడం మొదలయ్యే ముందు రోజు నుంచి 125 మి.గ్రా. పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, భయపడొద్దు. అది ఒంటిని ఎత్తుకి త్వరగా అలవాటు చేస్తుంది అంతే, రోజులు తగ్గించుకోవడానికి లైసెన్స్ అనుకుంటే మాత్రం పైన చెప్పిన కథే మళ్లీ జరుగుతుంది. నిద్ర మాత్రలు, మద్యం రెండూ వద్దు.

రెండు గుర్తులు మీరు కంఠస్థం చేయండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దాంతో దగ్గు, అంటే ఊపిరితిత్తుల్లో నీరు. నడకలో తూలడం, మాట తడబడటం, అంటే మెదడు వాపు. రెండింటికీ మందు ఒకటే, అప్పటికప్పుడు కిందికి దిగడం. ఆక్సిజన్, ఇంజెక్షన్లు అన్నీ దిగే దారిలో సాయం చేసేవే. ఇంకో మాట. మన నాన్నలు తలనొప్పి అని చెప్పరు. కొడుకు డబ్బు ఖర్చు పెట్టాడు కదా అని దాచుకుంటారు. రోజూ పొద్దున ఆయన్ని అడగండి, సాయంత్రం గైడ్‌తో విడిగా అడిగించండి.

జవాబు: విశాఖ_సుజాత

నేను 2022 నవంబర్‌లో మా వారితో వెళ్లొచ్చాను, అప్పటికి నాకు 52. పైవాళ్లు చెప్పాల్సింది చెప్పారు కాబట్టి నేను తిండి, చలి గురించి చెబుతాను.

అన్నం దొరకదేమో అని బెంగ పెట్టుకోకండి. దాల్‌భాత్ ప్రతి లాడ్జిలో ఉంటుంది, పప్పు, అన్నం, కూర ఎంత అడిగితే అంత మళ్లీ వడ్డిస్తారు. కానీ పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, ఆ చప్పటి పప్పు చూస్తేనే వెగటు పుడుతుంది. అప్పుడు నన్ను కాపాడింది మా అత్తగారు కట్టిచ్చిన కారప్పొడి, చింతకాయ పచ్చడి. గాజు సీసాలో వద్దు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రెండు కవర్లు చుట్టండి. పల్లీ చిక్కీలు కూడా. నామ్చే దాటాక మాంసం మాత్రం ముట్టుకోవద్దు, ఆ లోయలో జంతువుల్ని కోయరు, కింద నుంచి రోజుల తరబడి మోసుకొచ్చిందే వండుతారు.

చలి అంటే మన అరకు చలి కాదండి. గోరక్‌షెప్‌లో (5,164) రాత్రి సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. పడుకునే గదుల్లో వేడి ఉండదు, భోజనాల హాల్లో ఒక్క పొయ్యి ఉంటుంది, అందులో జడల బర్రె పిడకలు వేస్తారు. ఆ వాసనకి నాకు చిన్నప్పుడు మా అమ్మమ్మ వాకిట్లో నీళ్ల కాగు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోన్, పవర్ బ్యాంక్ పక్కలోనే పెట్టుకుని పడుకోండి, చలికి బ్యాటరీ అయిపోతుంది. చలి కోట్లు, స్లీపింగ్ బ్యాగులు ఖాట్మండు తమేల్‌లో అద్దెకిస్తారు, కొనక్కర్లేదు. దారిలో జంతువుల మంద ఎదురొస్తే మీరే ఆగి దారివ్వాలి, అది కూడా కొండ వైపుకి నిలబడాలి, లోయ వైపుకి ఎప్పుడూ వద్దు.

కిరణ్, నిన్నొకటి అడగాలి బాబూ. మీ నాన్నగారు బేస్ క్యాంప్ చూడాలన్నారా, ఎవరెస్ట్ చూడాలన్నారా? ఎందుకంటే బేస్ క్యాంప్‌లో (5,364) నిలబడితే ఎవరెస్ట్ శిఖరం కనపడదు. ఎదురుగా మంచుగడ్డల ఖుంబు జలపాతం ఉంటుంది, శిఖరం పక్క కొండల వెనక దాక్కుంటుంది. దగ్గర నుంచి చూడాలంటే మర్నాడు తెల్లవారుజామున లేచి కాలాపత్తర్ (సుమారు 5,550) ఎక్కాలి. నాకు ఈ సంగతి అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

జవాబు: డల్లాస్_తెలుగువాడు

రోజులు తక్కువైతే ఎక్కేటప్పుడు మామూలుగానే ఎక్కి, గోరక్‌షెప్ నుంచి లుక్లాకి షేరింగ్ హెలికాప్టర్‌లో దిగండి. దాదాపు మూడు రోజులు మిగులుతాయి. మేం అలాగే చేశాం. ఖర్చు బాగానే అవుతుంది.

జవాబు: నడక_మనిషి

ఈ సలహా సరైనదే, రోజులు కోయాలనుకుంటే దిగేటప్పుడే కోయాలి, దిగడానికి ఒంటికి అలవాటు అక్కర్లేదు. కానీ లెక్క వేయండి. లుక్లా నుంచి బేస్ క్యాంప్‌కి సరిగ్గా ఎక్కితే 8 రోజులు. ఇంటి నుంచి లుక్లా చేరడానికి రెండు రోజులు. హెలికాప్టర్‌లో దిగినా తిరుగు ప్రయాణంతో 12 నిండిపోతాయి, చేతిలో ఒక్క రోజు కూడా మిగలదు. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు, ఒక కొస గోడ లాంటి కొండ, ఇంకో కొస లోయ. మబ్బు పడితే విమానాలు ఆగిపోతాయి, హెలికాప్టర్ కూడా ఎగరదు. రద్దీ సీజన్‌లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ నుంచి నడుస్తాయి, దానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరి నాలుగైదు గంటలు రోడ్డు మీద వెళ్లాలి. ఒక్క రోజు మబ్బు పడితే మీ ప్లాన్ మొత్తం పోతుంది.

జవాబు: ఖమ్మం_కిరణ్

అందరికీ చాలా థ్యాంక్స్. సుజాత గారూ, మీరడిగిన ప్రశ్న నేను నాన్నను ఇంతవరకు అడగనే లేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. "క్యాంప్‌తో నాకేం పనిరా, ఆ కొండను ఒక్కసారి కళ్లతో చూస్తే చాలు" అన్నారు. బేస్ క్యాంప్ అన్నది నేనే అనుకున్నాను, అందరూ అదే వెళ్తారు కాబట్టి.

నామ్చే, ఖుమ్‌జుంగ్ చూసి తెంగ్‌బోచే (3,860) దాకా వెళ్లి వెనక్కి వస్తే ఎలా ఉంటుంది? అక్కడి నుంచి శిఖరం కనపడుతుందా? నాన్నకు పాస్‌పోర్ట్ కూడా లేదు, ఆధార్ చాలా?

జవాబు: విశాఖ_సుజాత

కనపడుతుంది బాబూ, లోత్సే కొండ గోడ మీదుగా ఎవరెస్ట్ కొస, పక్కన అమా దబ్లం శిఖరం పూర్తిగా. నామ్చేలో ఆగే రోజే పైన ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా (3,880) ఎక్కిస్తారు, ఆకాశం తేటగా ఉంటే మొదటిసారి అక్కడే చూపించొచ్చు, టీ తాగుతూ. ఖుమ్‌జుంగ్‌లో 1961లో హిల్లరీ కట్టించిన స్కూలు ఉంది, అది కూడా చూపించు. తెంగ్‌బోచేలో మాత్రం రెండు రాత్రులు ఉండండి. సాయంత్రం మబ్బు కమ్మేస్తుంది, తెల్లవారితే తేటగా ఉంటుంది, ఒక పొద్దు పోయినా ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది. అక్కడి బౌద్ధ మఠంలో ప్రార్థన జరిగేటప్పుడు లోపల కూర్చోనిస్తారు.

విమానంలో నేపాల్ వెళ్లడానికి ఆధార్ చెల్లదు. పాస్‌పోర్ట్ లేదా ఓటరు కార్డు కావాలి. ఓటరు కార్డులో పేరు, టికెట్‌లో పేరు ఒక్కటే ఉండేలా చూసుకో, మన ఇంటిపేర్లతోనే తంటా వస్తుంది. దారిలో వచ్చే సగర్‌మాథా నేషనల్ పార్క్ దగ్గర మనకి సార్క్ దేశాల రుసుమే, 1,500 నేపాలీ రూపాయలు, పైన పన్ను. అది కాక అక్కడి పంచాయతీ వాళ్ల పర్మిట్ ఇంకొకటి. మన నూరు రూపాయలకి వాళ్ల నూట అరవై. ఐదు వందల నోట్లు నమ్ముకోకుండా నూరు నోట్లు తీసుకెళ్లండి.

జవాబు: నడక_మనిషి

12 రోజుల్లో ఇది హాయిగా అవుతుంది, లుక్లాలో మబ్బు పట్టినా ఒకటి రెండు రోజులు చేతిలో ఉంటాయి. మొదటి రాత్రి లుక్లాలో పడుకోకుండా ఫక్‌డింగ్‌కి (2,610) దిగిపొండి, ఎత్తు తక్కువ కాబట్టి నిద్ర పడుతుంది. హెలికాప్టర్ తరలింపు ఉన్న ఇన్సూరెన్స్ తెంగ్‌బోచేకైనా తీసుకోండి. పోర్టర్‌ని కూడా తప్పక పెట్టుకోండి, అతనికి ఇన్సూరెన్స్ ఉందో లేదో, చలి కోటు ఉందో లేదో బయల్దేరే ముందు మీరే అడగండి.

జవాబు: ఖమ్మం_కిరణ్

ఓటరు కార్డు తీసి చూశాను, అందులో నాన్న ఇంటిపేరు తప్పుగా ఉంది. సవరణకి ఇవాళే ఆన్‌లైన్‌లో అప్లై చేశాను, పాస్‌పోర్ట్‌కి కూడా స్లాట్ బుక్ చేశాను. ట్రెడ్‌మిల్ పరీక్ష శనివారం.